పిన్ను పట్టులోని రసం

బ్రెడ్‌బోర్డు రంధ్రంలోకి పిన్ను దిగేటప్పుడు వేలికొసకు రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి. ముందు దారి దొరుకుతుంది. ప్లాస్టిక్ గోడల నడుమ పిన్ను అడ్డేమీ లేకుండా జారుతుంది. ఆ వెంటనే, కాస్త లోతున, ఎదురు తగులుతుంది. తొందరపడకుండా నిలువుగా ఒత్తితే ఆ ఎదురు లొంగుతుంది. లొంగి ఊరుకోదు, లోపలికి వచ్చినదాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. చెయ్యి తీసేసినా పిన్ను నిటారుగా నిలబడే ఉంటుంది. ఇదంతా ఒక్క క్షణం. ఇంట్లో బల్ల ముందు కూర్చుని సొంతంగా సర్క్యూట్లు కట్టుకునే కళ మొత్తంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఆ క్షణమే. దీపం వెలగడం, మోటారు తిరగడం, తెర మీద అంకెలు కనబడడం తర్వాతి సంగతులు. ఆ క్షణం సరిగ్గా జరిగితేనే అవి జరుగుతాయి.

బ్రెడ్‌బోర్డంటే సోల్డరింగ్ లేకుండా సర్క్యూట్లు కట్టుకునే పలక. పెద్ద సైజు బోర్డును ఒకసారి తీరిగ్గా చూడండి. తెల్లటి పలక మీద 830 రంధ్రాలు. నడుమ పొడుగునా ఒక కాలువ, దానికి అడ్డంగా 63 వరుసలు, ఒక్కో వరుసలో కాలువకు ఇటు ఐదు, అటు ఐదు. అవి 630. అంచుల వెంట కరెంటు కోసం నాలుగు పొడవాటి పట్టీలు, ఒక్కోదానిలో 50 చొప్పున 200. రంధ్రానికీ రంధ్రానికీ దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదోవంతు. కాలువకు అటూ ఇటూ ఉన్న మొదటి రంధ్రాల మధ్య దూరం 7.62 మిల్లీమీటర్లు, సరిగ్గా దానికి మూడింతలు. ఏ దేశంలో తయారైన ఐసీ చిప్ అయినా, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నదైనా, కొరియర్‌లో కోరుట్లకు వచ్చినదైనా, ఇదే కొలతలో రెండు వరుసల కాళ్ళున్నదైతే దాని కాళ్ళు ఈ గళ్ళలోకే దిగుతాయి. ఎవరో ఎక్కడో చేసిన వస్తువు మన ఊళ్ళో, మన బల్ల మీద, కొలతకు కొలత సరిపోవడంలో ఒక భరోసా ఉంది. ఈ పలకకు మొదటి అందం ఆ భరోసాయే.

తొలినాటి రేడియో ఔత్సాహికులు చెక్క పలక మీద మేకులు కొట్టి, వాటికి తీగలు చుట్టి సర్క్యూట్లు కట్టేవారు. స్ప్రింగు లోహంతో రంధ్రాల వరుసలను కలిపే పలకకు 1960లో అమెరికాలో ఓర్విల్ థామ్సన్ పేటెంటు కోరాడు. 1964లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో రెండు వరుసల కాళ్ళున్న ఐసీ రూపం పుట్టింది. మొదటిదానికి 14 కాళ్ళు. 1971 డిసెంబరులో రోనాల్డ్ పోర్చుగల్ దరఖాస్తు చేసిన నమూనాను చూస్తే ఇవాళ మన చేతిలో ఉన్నది దాదాపు అదే అనిపిస్తుంది. యాభై ఏళ్ళు దాటినా మారనవసరం లేకపోయిన రూపం అది. ఐసీ కాళ్ళ ఎడం, పలక రంధ్రాల ఎడం ఒకే కొలతలో కలవడం వల్లే ఇది సాధ్యమైంది.

అసలు సౌందర్యం మాత్రం పైకి కనబడదు. బోర్డును తిరగేసి, అడుగున అంటించిన కాగితాన్ని ఒలిస్తే లోపలి ఎముకలు బయటపడతాయి. ఒక్కో అర వరుసకు ఒక్కో లోహపు పట్టీ. ఆ పట్టీలో ఐదు జతల రేకులు ఎదురెదురుగా నిలబడి, కొసలు దాదాపు తాకుతూ ఉంటాయి. మంచి బోర్డులో అవి ఫాస్ఫర్ బ్రాంజ్‌వి. రాగిలో తగరం, కాస్త భాస్వరం కలిపిన లోహం అది. వంచితే వంగి, వదిలితే మళ్ళీ తన చోటికి వచ్చే గుణం దానిది. పిన్ను దిగితే రేకులు రెండూ విడతాయి. విడినవి తిరిగి దగ్గరకు రావాలని చూస్తాయి. ఆ రాక ఎప్పటికీ పూర్తికాదు, ఎందుకంటే మధ్యలో పిన్ను ఉంది. పూర్తికాని ఆ రాకే పట్టు. బోర్డు మీద వైర్లన్నీ కదలకుండా ఉన్నట్టు కనబడే ప్రతి నిమిషమూ లోపల ఈ ఒత్తిడి పని చేస్తూనే ఉంటుంది.

ఇంకా లోతుకు వెళితే అందం మరింత పెరుగుతుంది. నున్నగా కనబడే ఏ లోహపు ముఖమూ నిజంగా నునుపు కాదు. సూక్ష్మదర్శినిలో అది మిట్టపల్లాల నేల. రెండు లోహాలు ఒరుసుకున్నప్పుడు మిట్టల కొసలు మాత్రమే నిజంగా కలుస్తాయి. కరెంటు అంతా ఆ కొద్ది చుక్కల గుండానే నడుస్తుంది. విద్యుత్ స్పర్శల శాస్త్రానికి పునాది వేసిన స్వీడన్ భౌతికశాస్త్రవేత్త రాగ్నర్ హోమ్ ఈ చుక్కల మీద ఎన్నో ఏళ్ళు పని చేశాడు. ఒత్తిడి పెరిగితే చుక్కలు పెద్దవవుతాయి, కొత్తవి పుడతాయి, నిరోధం తగ్గుతుంది. గాలి తగిలిన లోహం మీద పలచటి ఆక్సైడ్ పొర కూడా ఉంటుంది. పిన్ను రేకుల మధ్య రాసుకుంటూ దిగేటప్పుడు ఆ పొర గీసుకుపోయి, కింద ఉన్న తాజా లోహం బయటపడుతుంది. అంటే పిన్నును కూర్చోబెట్టడమూ దాన్ని శుభ్రం చేయడమూ ఒకే చేష్టలో జరుగుతున్నాయి. చాలా రోజులుగా పనిలో లేని బోర్డు మొండికేస్తే, పిన్నును ఒకటి రెండుసార్లు పైకి తీసి మళ్ళీ దించమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. ఆ సలహా వెనక హోమ్ చెప్పిన శాస్త్రం అంతా ఉంది. చెప్పినవారికి ఆ పేరు తెలియనక్కరలేదు, వాళ్ళ వేళ్ళకు విషయం తెలుసు.

మన అలంకారికుల్లో ఓరుగల్లు విద్యానాథుడు నాకు ఇక్కడ గుర్తుకొస్తాడు. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఆయన రాసిన 'ప్రతాపరుద్రీయం'లో శయ్య గురించిన మాట ఉంది. పదాలు ఒకదానితో ఒకటి మైత్రితో ఒదిగి ఉండడాన్నే ఆయన శయ్య అన్నాడు. ఒక్కో పదం విడిగా ఎంత గొప్పదో ఇక్కడ లెక్కలోకి రాదు. పక్కదానితో ఎలా ఒదిగిందన్నదే లెక్క. పిన్ను, రేకుల నడుమ కనబడేది నాకు ఈ మైత్రే. బంగారు పూత పూసిన ఖరీదైన పిన్ను వదులైన రేకుల మధ్య పడితే శయ్య లేదు. లాన్ కేబుల్ ముక్కను ఒలిచి తీసిన మామూలు రాగి తీగ బిగువైన రేకుల మధ్య కుదిరితే శయ్య ఉంది. గుణం వస్తువులో లేదు, కలయికలో ఉంది.

ఈ కలయికకు వచ్చే పాత్రలు వేర్వేరు స్వభావాలవి. వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది సింగిల్ స్ట్రాండ్ వైరు. 22 గేజీ తీగ మందం 0.64 మిల్లీమీటర్లు, రేకులకు అది సరిగ్గా నచ్చే మందం. దాని పైతొడుగును ఆరేడు మిల్లీమీటర్లు ఒలవాలి. తక్కువ ఒలిస్తే ప్లాస్టిక్ తొడుగు రంధ్రం మూతి దగ్గరే ఆగి, రాగి రేకుల దాకా చేరదు. ఎక్కువ ఒలిస్తే ఒంటి రాగి పైన మిగిలి, పక్కదాన్ని తాకడానికి సిద్ధంగా ఉంటుంది. సరిగ్గా ఒలిచినప్పుడు తొడుగు అంచు పలక ముఖం మీద ఆనుతుంది, రాగి పూర్తిగా కనుమరుగవుతుంది. ప్లయర్‌తో కొసను కాస్త ఏటవాలుగా కత్తిరిస్తే తీగ మరింత సులువుగా దారి వెతుక్కుంటుంది. ఎర్ర తీగ కరెంటుకు, నల్ల తీగ గ్రౌండుకు, పసుపూ ఆకుపచ్చా సంకేతాలకు. అవన్నీ బోర్డును అంటిపెట్టుకుని, లంబకోణాల్లో వంగి పరుచుకున్నప్పుడు సర్క్యూట్ అర్థం చదివినట్టు తెలిసిపోతుంది.

ప్లాస్టిక్ దండగా వచ్చే హెడర్ పిన్నుది వేరే నడక. సాధారణంగా ఒక దండకు 40 పిన్నులు ఉంటాయి, కావలసినన్ని లెక్కపెట్టి విరుచుకోవాలి. పిన్ను చతురస్రం, ఒక్కో పక్క 0.64 మిల్లీమీటర్లు. దానికి ఒక చివర పొడుగు, ఒక చివర పొట్టి. పొడుగు చివరే బోర్డులోకి దిగాలి, పొట్టి చివర మాడ్యూల్ రంధ్రాల్లో సోల్డరింగ్‌కు. తలకిందులుగా పెడితే పొట్టి కాళ్ళు పైపైనే తేలిపోతాయి. మాడ్యూల్ నిలబడ్డట్టే కనిపిస్తుంది కానీ ముట్టుకుంటే ఊగుతుంది. ఇక్కడే బ్రెడ్‌బోర్డు ఇంకో మేలు కూడా చేస్తుంది. పిన్నుల పొడుగు చివరలను ముందుగా బోర్డులో గుచ్చి, పైన మాడ్యూల్‌ను పెట్టి, ఆ స్థితిలోనే సోల్డర్ చేస్తే పిన్నులన్నీ తీరుగా, ఒకే నిలువులో వస్తాయి. సోల్డరింగ్ ఐరన్‌ను ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే మాత్రం ప్లాస్టిక్ కరుగుతుంది, కాబట్టి చెయ్యి చురుగ్గా కదలాలి. రేపు తన మీద కూర్చోబోయేదాన్ని ఈ రోజు తానే తిన్నగా నిలబెట్టే పలక అది.

ఐసీది మరీ సున్నితమైన ప్రవేశం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఐసీ కాళ్ళు కాస్త బయటికి ఎడంగా ఉంటాయి. అలాగే పెట్టి ఒత్తితే ఒక వరుస దిగుతుంది, రెండో వరుసలో ఒక కాలు పొట్ట కిందికి మడతపడుతుంది. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, సర్క్యూట్ మాత్రం పలకదు. అందుకని ఐసీని పక్కకు పడుకోబెట్టి, కాళ్ళ వరుసను బల్లకు ఆనించి కొద్దిగా వంచాలి. తర్వాత రెండో వైపు. ఇప్పుడు రెండు వరుసలూ సమాంతరంగా 7.62 మిల్లీమీటర్ల ఎడంలో నిలుస్తాయి. కాళ్ళన్నీ రంధ్రాల మూతుల్లో ఉన్నాయని చూసుకుని, రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ సమంగా ఒత్తితే 555 టైమర్ ఎనిమిది కాళ్ళూ ఒక్కసారే దిగుతాయి. ఆ కాళ్ళ కింది ఎదురంతా ఒకేసారి లొంగినప్పుడు కలిగే తృప్తి ఒక్క పిన్ను ఇచ్చేదానికంటే ఎంతో నిండైనది. హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ చిప్ 1972లో బజారులోకి వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని తరాల పిల్లలు దానితో మొదటి దీపాన్ని మిణుకుమనిపించారో!

తీయడంలోనూ అంతే శ్రద్ధ కావాలి. వేళ్ళతో ఒక వైపు పట్టి లాగితే ఐసీ ఒరిగి కాళ్ళు వంకరపోతాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌ను కాలువలో పెట్టి, ఒక కొస కింద కొంచెం, ఇంకో కొస కింద కొంచెం లేపుతూ పోవాలి. దిగినట్టే నిలువుగా పైకి రావాలి. బ్రెడ్‌బోర్డు సౌందర్యమంతా ఈ మాటలోనే ఉంది. గట్టిగా పట్టుకోవాలి, గాయం లేకుండా వదలాలి. సోల్డరింగ్‌లో పట్టు ఉంది, వదలడం కష్టం. బల్ల మీద తీగలను మెలిపెట్టి కలిపితే వదలడం సులువు, పట్టు లేదు. రెండూ ఒకేచోట ఉన్నది ఈ రేకుల మధ్యే. కొత్తగా ఆలోచించేవాడికి రెండూ కావాలి. పట్టు లేకపోతే తన ఆలోచన తప్పో, తీగ తప్పో తెలియదు. వదలడం లేకపోతే తప్పు తెలిశాక మార్చుకోలేడు.

కుదరనివాటి గురించి కూడా చెప్పాలి, రసభంగం ఎక్కడ జరుగుతుందో చూపించడం విమర్శ పనే కదా. 1ఎన్4007 డయోడు కాళ్ళు లావు, దాదాపు 0.8 మిల్లీమీటర్లు. బలవంతంగా దించితే దిగుతాయి, కానీ రేకులు మళ్ళీ మునుపటంత దగ్గరకు రాకపోవచ్చు. ఆ రంధ్రం తర్వాత సన్నటి కాళ్ళను పట్టుకోదు. స్క్రూ టెర్మినల్ కాళ్ళు పొట్టివి, అవి రేకులను చేరీ చేరకుండా ఉంటాయి. అడాప్టర్ సాకెట్టుకు వెడల్పాటి రేకులే కాళ్ళు, అవసలు దూరవు. మల్టీ స్ట్రాండ్ వైరు కొస రంధ్రంలోకి వెళ్ళే ముందే విచ్చుకుంటుంది. ఆర్డుయినో ఊనో బోర్డులో 7, 8 పిన్నుల మధ్య ఎడం 2.54కు బదులు 4.06 మిల్లీమీటర్లు, అందువల్ల మామూలు గళ్ళ పలక దాని మీద తిన్నగా కూర్చోదు. అంత ప్రసిద్ధమైన బోర్డులో ఆ ఒక్క ఎడం చూసినప్పుడల్లా నా కంటికి రసాభాసగానే తోస్తుంది. కొన్ని ఈఎస్‌పీ32 బోర్డులు ఎంత వెడల్పంటే, పలక మీద కూర్చున్నాక తీగ గుచ్చడానికి ఒక పక్క ఒక్క వరుస రంధ్రాలే మిగులుతాయి.

వీటిలో ప్రతిదానికీ విరుగుడు ఉంది, ఆ విరుగుళ్ళన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. రేకులకు నచ్చని కాలుకు రేకులకు నచ్చే కాలును తొడగాలి. లావు కాలుకు 22 గేజీ తీగ ముక్కను సోల్డర్ చేసి, ఆ తీగను గుచ్చాలి. స్క్రూ టెర్మినల్‌ను చిన్న పలక మీద పెట్టి, కింద హెడర్ పిన్నులు వేయాలి. విచ్చుకునే వైరు కొసకు సోల్డర్ పూసి ఒకటిగా చేయాలి, లేదా దాన్ని హెడర్ పిన్నుకు అతకాలి. వెడల్పాటి బోర్డుకు రెండు పలకలను పక్కపక్కన పెట్టి, నడుమ దాన్ని కూర్చోబెట్టాలి. ఎక్కడా బలం వాడమని లేదు. బలంతో దించిన ప్రతి పిన్నూ ఆ రంధ్రం ఆయుష్షును తింటుంది. అందుకే ఈ కళలో మృదుత్వాన్ని నేను ఒక మర్యాద అనుకోను, నైపుణ్యమనే అనుకుంటాను.

ఈ నైపుణ్యం మన వైపు ల్యాబుల్లో ఎలా పనికొస్తుందో చూద్దాం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాల్లోకి వెళ్ళేదాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పాత కరీంనగర్ జిల్లావే. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. సిరిసిల్లలో అదే విశ్వవిద్యాలయం వాళ్ళ మరో కాలేజీ 2021లో మొదలైంది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు తొలి ల్యాబుల్లో వచ్చేది డయోడు గుణాల ప్రయోగం. వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ కరెంటును రాసుకుని, గ్రాఫు గీయాలి. గీత సాఫీగా రావాలంటే అంకెలు నిలకడగా ఉండాలి. అంకెలు నిలవాలంటే పిన్నులు నిలవాలి. మన వైపు ఏ ల్యాబులో చెవి ఒగ్గినా ఈ సంభాషణ వినబడుతుంది. "సార్, రీడింగ్ ఊగుతాంది. మీటర్ ఖరాబయినట్టుంది." "మీటర్‌ది ఏం తప్పు లేదు బిడ్డా. పిన్ను కూసోలే. సీదా పట్టి మెల్లగ నెట్టు." పిల్లవాడు నెడతాడు. ఊగే అంకె ఆగుతుంది. పాఠ్యపుస్తకంలోని గ్రాఫు తన వేలికొస నుంచి మొదలవుతుందని అతనికి ఆ రోజే తెలుస్తుంది.

వదులైన పిన్ను చేసే చేటు వింతది. పూర్తిగా తెగిన తీగ నిజాయితీగా తెగుతుంది, దీపం ఆరిపోతుంది, వెతికితే దొరుకుతుంది. వదులు పిన్ను ఒకసారి కలుస్తుంది, ఒకసారి విడుతుంది. ఫ్యాను గాలికి మారుతుంది, బల్ల కదిలితే మారుతుంది. మైక్రోకంట్రోలర్ లోపలికి వచ్చే పిన్ను అలా వదులైతే ఎవరూ నొక్కని బటన్ నొక్కినట్టు చిప్‌కు కనబడుతుంది. ప్రోగ్రామ్‌లో లేని తప్పును రాత్రంతా ప్రోగ్రామ్‌లో వెతుకుతారు. ఈ బాధ తెలిసినవాళ్ళకే కుదిరిన పిన్ను విలువ పూర్తిగా తెలుస్తుంది. అన్ని పిన్నులూ కుదిరిన బోర్డు ముందు కూర్చున్నప్పుడు మనసు కేవలం ఆలోచన మీద ఉంటుంది. తప్పు వస్తే అది ఆలోచనలోనే ఉంది. మనిషికి తన తప్పును అంత శుభ్రంగా చూపించే పనిముట్లు ఎన్ని ఉన్నాయి?

ఈ నేల మీద ఇలాంటి కుదురును ముందునుంచీ ఎరిగినవాళ్ళు సిరిసిల్ల పద్మశాలీలు. సాంచా (మరమగ్గం) మీద కొత్త పడుగు ఎక్కించాలంటే పోగు పోగునూ దాని దాని అచ్చు కంటిలోంచి, పన్నె సందులోంచి లాగాలి. ఒక్క పోగు పక్క సందులోకి పోతే గుడ్డ పొడుగునా ఆ గీత పడుతుంది. పోగును మరీ బిగిస్తే తెగుతుంది, వదులు చేస్తే ముడి పడుతుంది. బ్రెడ్‌బోర్డు మీద వరుస తప్పిన పిన్నుకు, పన్నెలో సందు తప్పిన పోగుకు శిక్ష ఒకటే. తప్పు ఒకచోట, ఫలితం పనంతటా. నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు ఇది. వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ20 చిహ్నాన్ని నేసి పంపితే 2022 నవంబరు 'మన్ కీ బాత్'లో ప్రధాని దాని గురించి చెప్పారు. కంటికి ఆనని సన్నదనంలో కొలత తప్పకుండా ఉండడం ఇక్కడ ఇళ్ళలో పెరిగే పిల్లలకు కొత్త విద్య కాదు. కోరుట్ల, జగిత్యాల ఇళ్ళలో బీడీలు చుట్టే తల్లుల పక్కన కూర్చున్న పిల్లలు కూడా వేలికొసల పనిని రోజూ చూస్తూ పెరిగినవాళ్ళే. ఆ చూపును, ఆ స్పర్శను గుర్తించి బోర్డు మీదికి తెచ్చే గురువు దొరికితే చాలు.

దీనికి తెలంగాణలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీర ఒక్కింటికి వేలసార్లు చెయ్యి ఊపి అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక యంత్రం మొదలుపెట్టాడు. 1992లో మొదలైన ప్రయత్నం 1999లో ఫలించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నడుమ ఉన్న ఏళ్ళన్నీ ఒక భాగం కుదిర్చి చూడడం, కుదరకపోతే విప్పి మళ్ళీ కుదర్చడం. బడి చదువు మధ్యలో ఆగినవాడికి ఇంజినీరింగ్ పట్టా లేదు, విప్పి మళ్ళీ కట్టే ఓపిక ఉంది. కట్టిన ప్రతిసారీ గట్టిగా కట్టాడు కాబట్టే ఏ భాగం తప్పో కచ్చితంగా తెలుసుకోగలిగాడు. గట్టిగా కట్టడం, నొచ్చుకోకుండా విప్పడం, ఈ జంట గుణమే ప్రయోగానికి ప్రాణం. బ్రెడ్‌బోర్డు ఆ గుణాన్ని అరచెయ్యంత పలకలో పెట్టి, చాయ్ తాగినంత ఖర్చుకు కాకపోయినా ఒక పుస్తకం ఖరీదుకు, బడి పిల్లల చేతికి ఇచ్చింది.

ఈ పలకకు హద్దులున్నాయి. పక్కపక్క పట్టీల మధ్య కొన్ని పికోఫారడ్ల ధారణశక్తి చేరుతుంది కాబట్టి చాలా వేగంగా కొట్టుకునే సంకేతాలు దీని మీద చెడిపోతాయి. రేకులు ఒక ఆంపియరు దాకా మోయగలవు, అంతకు మించితే వేడెక్కుతాయి. బావి మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ చేయాలనుకునే రైతు బిడ్డ రిలేను నడిపించే చిన్న సర్క్యూట్‌ను బోర్డు మీద పెట్టవచ్చు, మోటారు కరెంటును మాత్రం దీని దరిదాపులకు రానీయకూడదు. 230 వోల్టుల ఇంటి కరెంటు ఈ పలక మీదికి ఎప్పుడూ ఎక్కకూడదు. హద్దులు తెలిసి వాడినప్పుడే ఏ పనిముట్టు అందమైనా నిలుస్తుంది. ఆలోచన రుజువయ్యాక బోర్డు పని అయిపోతుంది. సర్క్యూట్ సోల్డర్ పలక మీదికి వెళ్ళిపోతుంది, బోర్డు ఖాళీ అయి మరో ఆలోచనకు సిద్ధమవుతుంది. తనది అంటూ ఏదీ దాచుకోని పలక ఇది. దీని మీద మొదలైన యంత్రాల్లో ఎక్కడా దీని జాడ ఉండదు.

ఇప్పుడు అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడుల్లో బ్రెడ్‌బోర్డులు ఉన్నాయి. బడిపిల్లల ఆవిష్కరణల కోసం పెట్టే ఇన్‌స్పైర్ మానక్ ప్రదర్శనలకు పల్లెటూరి హైస్కూళ్ళ నుంచి నమూనాలు వస్తున్నాయి. 2019లో మొదలైన 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమంలో ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో మామూలు మనుషుల ఆవిష్కరణలు ప్రదర్శనకు పెడుతూ వచ్చారు. అక్కడ చూసేవాళ్ళ కళ్ళు సహజంగా ఫలితం వైపు పోతాయి. దీపం వెలిగిందా, బజర్ మోగిందా, నీళ్ళ పంపు ఆగిందా. బజర్ మోగితే చప్పట్లు, మోగకపోతే పిల్లవాడి ముఖం చిన్నబోతుంది. కానీ మోగని బోర్డులో కూడా పిన్నులన్నీ నిటారుగా, తీగలన్నీ కొలతగా, రంగులన్నీ అర్థంతో ఉండవచ్చు. అలాంటి బోర్డు కట్టిన పిల్ల తప్పు ఎక్కడుందో మర్నాటికి కనిపెడుతుంది. మోగిన బోర్డు తీగల చిక్కుముడిగా ఉండి, చిటికెన వేలు తగిలితే ఆగిపోయేది కావచ్చు. అది ఈ రోజు మోగడం అదృష్టం.

అందుకని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సైన్సు మాస్టార్లకూ మేడంలకూ నాదొక మనవి. ప్రదర్శనలో బల్ల దగ్గర ఆగినప్పుడు స్విచ్చు వేయమని అడిగే ముందు బోర్డు మీదికి వంగి చూడండి. ఒక పిన్నును వేలితో మెల్లగా కదిపి చూడండి. అది కదలకపోతే ఆ పిల్లను పేరు పెట్టి మెచ్చుకోండి, అందరూ వినేలా మెచ్చుకోండి. కదిలితే తప్పు పట్టకండి, ఆ రంధ్రం ఎందుకు వదులైందో, ఏ కాలు దాన్ని వదులు చేసిందో పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి వెతకండి. మార్కులు వేసే కాగితంలో పిన్నుల కుదురుకు ఒక గడి చేర్చండి. ఆ గడి ఉన్న బడిలో పిల్లలు వెలుగును అదృష్టమనుకోరు, తమ వేళ్ళు సంపాదించుకున్న ఫలితమని తెలుసుకుంటారు.